ఇంజన్ విప్పే ముందు కూలెంట్ ఎటు పోతోందో తేల్చుకోండి

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు తన పదమూడేళ్ల చిన్న పెట్రోలు కారు గురించి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆవిడ కళాశాలలో అధ్యాపకురాలు. భర్త ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉంటూ వారాంతాల్లో వచ్చి వెళ్తుంటారు. అత్తగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతుంది కనుక, ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లి తీసుకువచ్చే బాధ్యత పూర్తిగా ఈవిడ మీదే ఉంది. కారును ఐదేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఇప్పటికి 1,35,000 కిలోమీటర్లు తిరిగింది. కళాశాల ఆరు కిలోమీటర్ల దూరం, ఆసుపత్రి అంతకంటే కాస్త ఎక్కువ.

కొన్ని నెలలుగా ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోందనీ, ఖాళీ రోడ్డు మీదికి రాగానే మళ్లీ దిగుతోందనీ, వారానికి దాదాపు అర లీటరు నీళ్లు పోయవలసి వస్తోందనీ, అయినా కారు కింద నేల మీద చుక్క కూడా కనిపించడం లేదనీ రాశారు. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కొద్ది క్షణాలు నీలి రంగు పొగ వచ్చి ఆగిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ చప్పుడు పెరుగుతుంది గానీ వేగం పెరగదు. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు చక్రాల వైపు నుంచి టక్కు టక్కుమని శబ్దం వస్తోంది. ఏళ్లుగా ఆ కుటుంబం వాహనాలు చూస్తున్న మెకానిక్ ఇంజన్ ఆయిల్ మూత తీసి, దాని అడుగున పేరుకున్న మీగడ లాంటి తెల్లటి జిగురు చూపించి, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ, దాని కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పల్చటి సీల్) పోయిందనీ, పిస్టన్ రింగులు కూడా అరిగాయనీ, ఇంజన్ మొత్తం విప్పక తప్పదనీ చెప్పారు. క్లచ్, సస్పెన్షన్ పనులు కూడా కలిపి ఆయన ఇచ్చిన అంచనా, కారును ఇప్పుడు అమ్మితే వచ్చే సొమ్ములో మూడింట రెండు వంతులు దాటింది.

అమ్మేసి కొత్తది అప్పు మీద కొనుక్కుందామని భర్త అంటున్నారు. కిందటి ఏడాదే బ్యాటరీకీ, ఏసీకీ, రేడియేటర్ గొట్టాలకూ బోలెడు ఖర్చు పెట్టాం, ఇప్పుడు వదిలేస్తే అదంతా వృథా కదా అని ఈవిడ బాధ. వేరే మెకానిక్‌కు చూపిద్దామంటే పాత మెకానిక్ నొచ్చుకుంటారేమోనని మొహమాటం. ఒకవేళ అమ్మితే, వేడెక్కే సంగతి కొనేవారికి చెప్పాలా అన్నది చివరి ప్రశ్న. ఉత్తరం చివర, అంత ముఖ్యం కాదన్నట్టుగా ఒక మాట రాశారు: డ్రైవరు పక్క సీటు ముందు కార్పెట్ తరచూ తడిగా ఉంటోంది, అది ఏసీ నీరు కాబోలనుకుంటున్నాను, ముందు అద్దం లోపలి వైపు ఎంత తుడిచినా జిడ్డు పొరలా పడుతోంది అని.

అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఆ చివరి మాటే. దాని దగ్గరికి వస్తాను. అంతకుముందు ఒక్క విషయం మాత్రం ఇవాళ్టి నుంచే పాటించమని కోరుతున్నాను. ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తున్న కారును ఇంకొక్క కిలోమీటరే కదా అని నడపకండి. చిన్న కార్ల ఇంజన్లలో హెడ్ సాధారణంగా అల్యూమినియంతో చేసి ఉంటుంది. అది అతిగా వేడెక్కితే వంకర తిరుగుతుంది. అది వంగాక గాస్కెట్ ఎంత కొత్తదైనా నిలవదు. అంటే, ఈరోజు మీ ఇంజన్‌లో పెద్ద లోపం లేకపోయినా, ఇలాగే నడుపుతూ పోతే మెకానిక్ చెప్పిన జోస్యాన్ని మనమే నిజం చేసినట్టవుతుంది. దారిలో ముల్లు లేచినప్పుడు ఏసీ ఆపండి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ ఎక్కువలో పెట్టండి, వీలైనంత త్వరగా పక్కకు ఆపి ఇంజన్ ఆపేయండి. హీటర్ పెట్టడం వల్ల ఇంజన్‌లోని వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. ఉక్కగా ఉన్నా ఆ రెండు నిమిషాలు ఇంజన్‌ను కాపాడతాయి. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా, కనీసం అరగంటైనా, రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న ద్రవం మూత తీయగానే ఒక్కసారిగా మరిగి చేతుల మీదికీ ముఖం మీదికీ చిమ్ముతుంది.

ఇక మీ మెకానిక్ ఇచ్చిన అంచనా విషయం. అందులో ఉన్నవి నాలుగు వేర్వేరు సంగతులు. వాటిని ఒకే గాటన కట్టి చివర ఒక్క మొత్తం రాయడం వల్ల అది కొండలా కనిపిస్తోంది. మీ ప్రశ్న కూడా ఆ మొత్తాన్ని పెట్టుకోవాలా వద్దా అన్నట్టుగా తయారైంది. అందులో క్లచ్ పని నిజంగా అవసరమని మీరు రాసిన లక్షణాలే చెబుతున్నాయి. సస్పెన్షన్‌లో కొంత అవసరం, కొంత ఆగగలదు. ఇంజన్ పని అవసరమని మాత్రం ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. నిరూపించని ఆ పనే మొత్తం ఖర్చులో సింహభాగం తినేస్తోంది. కనుక ఉంచుకోవాలా, అమ్ముకోవాలా అన్న ప్రశ్నకు సమాధానం వెతికే వేళ ఇంకా రాలేదు. ముందు కూలెంట్, అంటే రేడియేటర్‌లో ఉండి ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, ఎక్కడికి పోతోందో తెలియాలి.

మీ మెకానిక్ మూడు ఆధారాలు చూపించారు. కూలెంట్ తగ్గుతోంది గానీ బయట కారడం లేదు, కాబట్టి ఇంజన్ లోపల కాలిపోతోందన్నది మొదటిది. ఇది తీసిపారేయదగిన వాదన కాదు. గాస్కెట్ పోయిన ఇంజన్లలో సరిగ్గా అలాగే జరుగుతుంది. అయితే కూలెంట్ నేల మీద పడకుండా మాయమయ్యే దారి ఇంకొకటి ఉంది. డ్యాష్‌బోర్డు వెనుక, క్యాబిన్‌ను వెచ్చబరచడానికి అరచేతి కంటే కాస్త పెద్దదైన చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుంది. దాన్ని హీటర్ కోర్ అంటారు. చాలా కార్లలో ఇంజన్‌లోని వేడి కూలెంట్ ఎప్పుడూ దాని గుండా తిరుగుతుంటుంది. పాతబడి దానికి సన్నని చిల్లు పడితే కూలెంట్ కారు లోపలే కారుతుంది, కార్పెట్ కింది స్పాంజి దాన్ని పీల్చేస్తుంది, ఆవిరైనది వెళ్లి ముందు అద్దానికి జిడ్డు పొరలా అంటుకుంటుంది. మీరు రాసిన రెండు గుర్తులూ ఇవే.

ఏసీ నీరు బయటికి పోయే సన్నని గొట్టం మూసుకుపోయినా అదే చోట కార్పెట్ తడుస్తుంది, మీ అనుమానం పూర్తిగా తప్పు కాకపోవచ్చు. రెండింటినీ వేరు చేయడం తేలిక. ఆ తడి మీద తెల్లటి కాగితపు రుమాలు అదిమి చూడండి. ఏసీ నీరైతే రంగూ వాసనా లేకుండా మామూలు నీళ్లలా ఉంటుంది. కూలెంట్ అయితే ఆకుపచ్చగానో ఎర్రగానో కాస్త రంగు అంటుతుంది, వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది. మీరు నెలలుగా మామూలు నీళ్లే కలుపుతున్నారు కనుక రంగు వెలిసిపోయి ఉండవచ్చు. అప్పుడు వాసన మీదా, జారుడు మీదా ఆధారపడండి. కూలెంట్ విషపదార్థం, పైగా తియ్యగా ఉంటుంది. చేతులు కడుక్కోవడం, ఇంట్లో చిన్నపిల్లలో పెంపుడు జంతువులో ఉంటే ఆ కార్పెట్‌కు దూరంగా ఉంచడం మరవద్దు.

రెండో ఆధారం ఆయిల్ మూత కింది మీగడ. కూలెంట్ ఇంజన్ ఆయిల్‌లో కలిసినా అది వస్తుంది, రోజూ ఆరు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులోనూ వస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపలి గాలిలోని తేమ ఆవిరైపోకుండా మూత అడుగున చేరి, ఆయిల్‌తో కలిసి తెల్లటి జిగురుగా మారుతుంది. ఈ రెండింటి తేడా తెలియాలంటే డిప్‌స్టిక్ (ఇంజన్‌లో ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడాలి. దాని మీది ఆయిల్ మామూలు గోధుమ రంగులోనో నలుపులోనో శుభ్రంగా ఉండి, మట్టం పెరగకుండా ఉంటే, మూత కింది జిగురు ఒక్కదాన్ని పట్టుకుని గాస్కెట్ పోయిందని తీర్పు చెప్పకూడదు. డిప్‌స్టిక్ మీది ఆయిలే పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం కారును ఇక స్టార్ట్ చేయవద్దు. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

మూడోది నీలి పొగ. నీలి రంగు ఆయిల్ కాలుతోందని చెబుతుంది, అంతవరకు మీ మెకానిక్ మాట నిజం. అయితే రాత్రంతా ఆగిన కారు ఉదయం స్టార్ట్ అయినప్పుడు కొద్దిసేపు మాత్రమే పొగ వచ్చి ఆగిందంటే, సాధారణంగా వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్క నుంచి ఆయిల్ కిందికి దిగకుండా ఆపే రబ్బరు సీల్స్) గట్టిపడి రాత్రి పూట కొన్ని చుక్కల ఆయిల్ కిందికి జారిందని అర్థం. రింగులు అరిగితే పొగ ఉదయానికి పరిమితం కాదు, ఎత్తు ఎక్కేటప్పుడూ గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వెనకాల వస్తూనే ఉంటుంది. వాల్వ్ సీల్స్ లోపం ఉన్న కారు ఆయిల్ మట్టం చూసుకుంటూ నడిపితే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆయిల్‌ను పై గీత వరకు నింపి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఆ గీత వరకు రావడానికి ఎంత పోయవలసి వచ్చిందో కొలవండి. అర లీటరు లోపు అయితే పదమూడేళ్ల కారుకు దాన్ని జబ్బుగా చూడనక్కర్లేదు. లీటరు దాటితే అప్పుడు ఆలోచించాలి.

ఇప్పుడు పరీక్షల సంగతి. ఇంజన్ విప్పకుండానే ఈ అనుమానాలను తేల్చే పరీక్షలు మూడు ఉన్నాయి. మూడూ కలిపి ఒక పూట పని. వాటికయ్యేది చాలామటుకు లేబర్ ఖర్చే. మొదటిది కూలింగ్ ప్రెషర్ టెస్ట్. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి, అక్కడ చేతి పంపు బిగించి, మూత మీద ముద్రించి ఉన్నంత ఒత్తిడి ఎక్కించి పావుగంట ఉంచుతారు. మీటరు ముల్లు పడిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ పావుగంటలో గొట్టాల జాయింట్లు, వాటర్ పంపు అడుగు భాగం, రేడియేటర్ ప్లాస్టిక్ అంచులు, వీటన్నిటితో పాటు క్యాబిన్‌లో కార్పెట్ ఎత్తి కూడా చూడమని మీరు దగ్గరుండి అడగాలి. మూతను కూడా అదే పంపుతో పరీక్షించవచ్చు. మూత ఒక బార్ ఒత్తిడిని నిలిపితే లోపలి నీరు దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు, దాని రబ్బరు చచ్చిపోతే 100 డిగ్రీలకే మరిగి పొంగిపోతుంది. అన్నిటికంటే చవకైన ఆ మూత వల్ల వేడెక్కే కార్లు తక్కువేమీ కాదు.

రెండోది, రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఒక నీలి రంగు రసాయనం గుండా లాగే పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా చేస్తారు. గాస్కెట్ తెగి ఎగ్జాస్ట్ వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ రసాయనం పసుపు రంగుకు మారుతుంది. రంగు మారితే మీ మెకానిక్ చెప్పినదే సరి. మూడోది కంప్రెషన్ టెస్ట్, అంటే ప్రతి సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలవడం. ఇందులో ఒక్కొక్క సిలిండర్‌కు వచ్చిన అంకె కంటే వాటి మధ్య తేడా ముఖ్యం. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన దానిలో 75 శాతం కంటే ఏదైనా తగ్గితే అనుమానించాలి. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకేలా తగ్గి ఉంటే వాటి మధ్య గాస్కెట్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. ఈ అంకెలన్నీ కాగితం మీద రాయించి తీసుకోండి. రేపు అమ్మినా, ఉంచుకున్నా ఆ కాగితం మీకు పనికొస్తుంది.

వేడి ఆగినప్పుడే పెరిగి, కదలగానే తగ్గుతోందన్న మాట ఇంకో దిక్కును కూడా చూపిస్తోంది. కారు కదులుతుంటే ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్ చేయాలి. చాలా చిన్న కార్లలో ఏసీ వేయగానే ఈ ఫ్యాన్ తిరుగుతుంది. ఏసీకి తిరిగి, ఏసీ ఆపి ఇంజన్‌ను వేడెక్కనిచ్చినప్పుడు తిరగకపోతే, మోటారు బాగానే ఉంది, దాన్ని నడిపించే సెన్సార్‌లోనో రిలేలోనో లోపం ఉంది. దేనికీ తిరగకపోతే ఫ్యూజు, ఆ తర్వాత మోటారు చూడాలి. కూలెంట్ తక్కువై లోపల గాలి చేరడమూ, ఫ్యాన్ సరిగా తిరగకపోవడమూ కలిస్తే మీరు వర్ణించిన తీరు సరిగ్గా వస్తుంది.

హీటర్ కోరే దోషి అని తేలితే రెండు దారులు. కొత్తది వేయించడం శాశ్వతమైన పని. వస్తువు ఖరీదు పెద్దది కాదు గానీ చాలా మోడళ్లలో డ్యాష్‌బోర్డు మొత్తం దింపవలసి రావడం వల్ల లేబర్ తడిసి మోపెడవుతుంది, తిరిగి బిగించడంలో నేర్పు లేకపోతే తర్వాత కిరకిరలు మొదలవుతాయి. రెండోది, ఇంజన్ దగ్గరే హీటర్‌కు వెళ్లే గొట్టాన్నీ వచ్చే గొట్టాన్నీ ఒకదానితో ఒకటి కలిపి, హీటర్ కోర్‌ను దారి నుంచి తప్పించడం. ఇది చాలా తక్కువ ఖర్చుతో గంటలో అయ్యే పని. అయితే చలికాలంలో వెచ్చదనం ఉండదు, అద్దం మీది మంచును ఏసీతోనే పోగొట్టుకోవాలి, ఇంజన్ వేడెక్కితే హీటర్ పెట్టే ఉపాయం కూడా ఇక పనిచేయదు. బాగా చలి ఉండే ప్రాంతంలో నడిపేవారికి నేను దీన్ని చెప్పను. రేడియేటర్‌లో పోస్తే లీకులు వాటంతట అవే మూసుకుంటాయని అమ్మే పొడులూ ద్రావణాలూ మాత్రం వాడవద్దు. అవి చిల్లు ఎక్కడో, సన్నని దారి ఎక్కడో తెలుసుకోలేవు, మంచి రేడియేటర్‌ను కూడా పూడ్చేస్తాయి. ఏ దారి ఎంచుకున్నా, పని అయ్యాక పాత నీళ్లన్నీ తీసి మీ కారు పుస్తకంలో చెప్పిన కూలెంటే నింపించి, లోపలి గాలి పూర్తిగా తీయించండి. మామూలు నీళ్లకు తుప్పును ఆపే గుణం లేదు.

క్లచ్ గురించి ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోవడమంటే క్లచ్ ప్లేట్ జారుతోందన్నమాట. ఇలాగే నడిపితే ఆ ప్లేట్ ఆనుకునే ఫ్లైవీల్ కూడా గాడులు పడి ఖర్చు పెరుగుతుంది. ఇక్కడ గమనించవలసింది, ప్లేట్ ఒక్కటే మార్చి డబ్బు ఆదా చేసుకోవాలనుకోవద్దు. గేర్‌బాక్స్ దింపడమే ఈ పనిలో పెద్ద ఖర్చు. అది దింపినప్పుడు ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కూడా మార్పించి, ఇంజన్ వెనుక ఆయిల్ సీల్ కారుతోందేమో చూపించుకోండి. ముందు చక్రాలకు శక్తి వెళ్లే కార్లలో డ్రైవ్ షాఫ్టులు కూడా అప్పుడు బయటికి వస్తాయి కనుక, వాటి రబ్బరు బూట్లు చిరిగి ఉంటే అదే లేబర్‌లో మార్చవచ్చు. విడిగా చేయిస్తే అదే విప్పుడు పనికి మరోసారి చెల్లించాలి.

టక్కు టక్కు శబ్దం చాలాసార్లు లింక్ రాడ్లదో, లోయర్ ఆర్మ్ బుష్‌లదో అవుతుంది. అవి చిన్న ఖర్చులే, శబ్దం చిరాకు తప్ప తక్షణ ప్రమాదం తక్కువ. బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు) వదులైతే అది వేరే విషయం. అది ఊడితే చక్రం పక్కకు తిరిగిపోయి బండి అదుపు తప్పుతుంది. జాకీ మీద ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందా లేదా తెలుస్తుంది. షాకబ్జార్బర్లు రెండూ మార్చాలంటే, ఆయిల్ కారిన మరక చూపించమని అడగండి. మరక లేకుండా, బండి ఊగిసలాట లేకుండా ఉంటే వాటిని ఆపవచ్చు.

అంచనాలో లేని ఒక విషయం మాత్రం నన్ను కలవరపెడుతోంది. పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసేది మీ కారు ఇంజన్‌లో టైమింగ్ చెయినా, బెల్టా? కారు పుస్తకంలో ఉంటుంది. బెల్ట్ అయితే, పాత యజమాని ఎప్పుడు మార్చారో మీకు తెలియదు, మీరు కొన్నాక మార్చిన దాఖలా ఉత్తరంలో లేదు. ఈ బెల్టులకు కంపెనీని బట్టి 60,000 నుంచి లక్ష కిలోమీటర్లకు పైబడి ఒక గడువు ఉంటుంది, కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. అప్పుడు ఇంజన్ విప్పడం తప్పనిసరి. అనేక మోడళ్లలో వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే కాబట్టి రెండూ కలిపి మార్చడం మంచిది. ప్రాధాన్యం ఇవ్వవలసి వస్తే షాకబ్జార్బర్ల కంటే ముందు దీన్ని పెడతాను. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడులు మిగిలి ఉన్నా పదేళ్లు దాటిన టైరు మీద రోగిని కూర్చోబెట్టుకుని వెళ్లవద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారైనా మార్చాలి.

మెకానిక్ గారి మాటకు వస్తే, ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేను అనుకోవడం లేదు. ఆ మూడు గుర్తులూ ఒకచోట చూసిన అనుభవజ్ఞుడికి గాస్కెట్ గుర్తుకు రావడం సహజమే, కార్పెట్ సంగతి మీరు ఆయనకు చెప్పినట్టు కూడా లేదు. కనుక ముందు ఆయన దగ్గరికే వెళ్లి, “కారు లోపల కూడా తడి ఉంటోంది, ఇంజన్ విప్పే ముందు ప్రెషర్ టెస్ట్, కంప్రెషన్ టెస్ట్ చేసి చూద్దామా, అవి మీ దగ్గర లేకపోతే చేయించుకుని రమ్మంటారా” అని అడగండి. సంతోషంగా ఒప్పుకుంటే మీ మొహమాటం అక్కడితో తీరిపోతుంది. పరీక్ష ఎందుకు, విప్పితే అదే తెలుస్తుంది అంటే మాత్రం వేరే చోటికి వెళ్లడంలో తప్పు లేదు. ఆ రెండో మెకానిక్‌కు మొదటివారు ఏం చెప్పారో చెప్పకండి, లక్షణాలు మాత్రమే చెప్పండి. గాస్కెట్ అని ముందే వింటే ఆయన కళ్లు కూడా అదే వెతుకుతాయి. పని ఎవరు చేసినా అంచనా కాగితం మీద విడివిడిగా, వస్తువు ఒకచోట, లేబర్ ఒకచోట రాయించుకోండి, మార్చిన పాత పార్టులు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి.

ఖర్చు లెక్క మీరు పంపిన అంకెలతోనే చూద్దాం. కారు అమ్మితే వచ్చేది నూరు పాళ్లనుకుంటే, మెకానిక్ అంచనా 68 పాళ్లు. అందులో ఇంజన్ 42, క్లచ్ 14, సస్పెన్షన్ 9, చిల్లర పనులు 3. కొత్త కారుకు మీవారు చెబుతున్న నెలవాయిదా 7 పాళ్లు. పరీక్షల్లో ఇంజన్ బాగుందని తేలితే ఆ 42 పోయి, దాని స్థానంలో లీకుకూ, ఫ్యాన్‌కూ, కూలెంట్‌కూ కలిపి మహా అయితే ఓ పది పాళ్లు వస్తాయి, బెల్ట్ మార్చవలసి ఉంటే మరో పది వేసుకోండి. మొత్తం 46, అంటే ఆరేడు నెలల వాయిదా.

మరమ్మతు ఖర్చును కారు ధరతో పోల్చి, సగం దాటితే వదిలేయమని చాలామంది చెబుతారు. ఆ కొలత నాకు నచ్చదు. మీకు కావలసింది ఆ కారు ధర కాదు, రాబోయే రెండేళ్ల ప్రయాణం. అందుకని ఈ కారుతో రెండేళ్లకు అయ్యే మొత్తం ఖర్చునూ, కొత్త కారుతో రెండేళ్లకు అయ్యే ఖర్చునూ పక్కపక్కన పెట్టండి. కొత్త దాని వైపు వాయిదాలన్నీ ఖర్చు కింద రాస్తే అది కూడా న్యాయం కాదు. అసలు కింద కట్టేది కారు రూపంలో మిగులుతుంది కనుక, వడ్డీ, పెరిగే బీమా, మొదటి ఏళ్లలో వేగంగా పడిపోయే ధర, ఈ మూడింటినీ రాయాలి. పాత దాని వైపు ఇప్పటి మరమ్మతుతో పాటు, ఏటా ఇంకేదో ఒకటి వస్తుందని కొంత సొమ్ము పక్కన పెట్టి రాయాలి. కిందటి ఏడాది పెట్టిన ఖర్చు ఏ వైపునా రాయకూడదు. అది అమ్మినా ఉంచినా తిరిగి రాదు. దాని వల్ల మిగిలే లాభం ఒక్కటే, బ్యాటరీ కొత్తది కాబట్టి రెండేళ్ల లెక్కలో మళ్లీ బ్యాటరీ రాయనక్కర్లేదు.

పరీక్షల్లో ఇంజన్ బాగుంటే, కారు అడుగు భాగం తుప్పు పట్టకుండా గట్టిగా ఉంటే, నేనైతే ఉంచుకోవడం వైపే మొగ్గుతాను. ఇంజన్ చెడిందని తేలితే మూడు మార్గాలు. హెడ్ దింపి గాస్కెట్ మాత్రమే మార్పించడం ఒకటి, రింగులు బాగున్నాయని కంప్రెషన్ అంకెలు చెబితేనే అది సబబు, హెడ్‌ను ఫేసింగ్ (అడుగు తలాన్ని యంత్రం మీద చదును) చేయించకుండా తిరిగి బిగించనివ్వకండి. పూర్తిగా ఇంజన్ పని చేయించడం రెండోది, తర్వాత నాలుగైదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటేనే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, ఎందుకంటే అమ్మేటప్పుడు కొనేవారు దానికి విలువ కట్టరు. మూడోది ఉన్నదున్నట్టు అమ్మేయడం, నూరు రావు, బాగా తక్కువే వస్తాయి, ఆ తేడాకు మీరు ముందే సిద్ధపడాలి. తలుపుల కింద ఉండే సిల్స్ దగ్గరో, షాకబ్జార్బర్లు బిగించే చోటో లోహం తుప్పు పట్టి తినేసి ఉంటే మాత్రం పై లెక్కలేవీ వద్దు. అది ప్రయాణికులను కాపాడే చట్రం, దాని మీద కొత్త క్లచ్ వేయడం వృథా.

మీవారి మాటలో న్యాయం ఉన్నచోట ఒప్పుకోవాలి. ఆయన ఊళ్లో ఉండరు, డయాలసిస్ రోజున కారు రోడ్డు మీద ఆగితే మీరొక్కరే అత్తగారితో చిక్కుకుంటారని ఆయన భయం. ఆ భయానికి సమాధానం కొత్త కారు ఒక్కటే కాదు, పాత కారు మీద గుడ్డి నమ్మకం అసలే కాదు. పరీక్షలూ పనులూ పూర్తయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో రెండు వారాలు కూడా, ఆసుపత్రికి మాత్రం అద్దె కారులో వెళ్లండి, ఆ ఖర్చును మరమ్మతు ఖర్చులోనే కలపండి. ఆ రెండు వారాలూ కళాశాలకు నడుపుతూ, ప్రతి ఉదయం చల్లటి ఇంజన్ మీద కూలెంట్ మట్టం చూసి రాసుకోండి. మట్టం కదలకపోతే ఆ కాగితం మీవారికి చూపించండి, నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవచ్చు. కదిలితే ఆయన మాటే వినడం మేలు.

అమ్మేటట్టయితే వేడెక్కే సంగతి చెప్పాలి. ధర తగ్గుతుందని నాకు తెలుసు. కానీ ఆ కారులో కూర్చునే ఇంకో కుటుంబానికి ఆ ముల్లు ఎందుకు లేస్తోందో తెలియదు, వాళ్లూ నీళ్లు పోసుకుంటూ నడుపుతారు. పరీక్షల కాగితం చేతికిచ్చి, ఇంతవరకు ఏం తేలిందో, ఏం చేయించారో చెప్పి, అందుకు తగిన ధర అడగండి. లోపం ఫలానా అని రుజువుతో చెప్పిన కారుకు, ఏదో దాస్తున్నారన్న అనుమానం కలిగించే కారు కంటే మెరుగైన ధర పలకడమూ ఉంది, ముఖ్యంగా సొంతంగా మరమ్మతు చేసుకోగలిగిన మెకానిక్‌లు కొనేటప్పుడు. మీ పాత మెకానిక్‌నే ముందు అడిగి చూడండి.